వినికిడియు విశ్వాసమును

పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక పదవ అధ్యాయమున విశ్వాసమునకు పుట్టుక చెవియందని చెప్పును. అచ్చట నాతడు వాడిన గ్రీకుమాట ‘అకొఎ’. వినుట యనియు, వినబడిన వార్త యనియు దానికి రెండర్థములు. 1611 నాటి ఆంగ్లానువాదకులు ఈ యొక్కమాటనే 16వ వచనమున వార్తగాను, 17వ వచనమున వినుటగాను చీల్చిరి. తెలుగున నా యిబ్బంది లేదు. మన ‘వినికిడి’ రెంటిని మోయును. విధేయతకు గ్రీకున గల ‘హుపాకొఎ’ సైతము వినుటనుండి పుట్టినదే. ‘వీడు మాట వినడు’ అని తల్లి కొడుకునుగూర్చి వాపోయినపుడు వానికి చెవుడని యెవ్వరును అనుకొనరు గదా!

నవవిధభక్తులలో శ్రవణము మొదటిది, కీర్తనము రెండవది. ఆ వరుస నెరిగిన శ్రోతకు క్రైస్తవబోధ పద్ధతి పరాయిగా తోచియుండదు. అంతమాత్రమున రెండు నొకటే యనుట సాహసము. భాగవతశ్రోత తెలిసిన కథను మరల వినును. బోధకుని శ్రోత క్రొత్తవార్తను విని బదులు చెప్పవలసియుండును.

1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున, వెల్లంపల్లిలో, 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వినికిడికి ముందు ఆకలి కలదని, అది 1876–78 కరవు ఫలమని అనువారు కలరు. ఆ మాట బొత్తిగా త్రోసివేయదగినది కాదు. కాని కరవుసాయము సాగినంతకాలము క్లౌ బాప్తిస్మములను ఆపియుంచెను. అదిగాక, 1866లోనే బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్య అప్పటికి పండ్రెండేండ్లుగా తనవారికి బోధించుచుండెను. విన్నమాట నానుటకు వ్యవధి యుండినది.

ఇక పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు. ఇవి వైష్ణవకీర్తనల కనుకరణములని తేల్చి విమర్శకులు పుస్తకము మూయుదురు. మేమును పదునైదేండ్లక్రిందట నట్లే వ్రాసితిమి. ఆ తీర్పు తప్పు. మేము కంటితో చదివితిమి. కాగితముపై పల్లవి పునరుక్తియే. సభలో బోధకుడు చరణము పాడగా, అక్షరము రాని శ్రోత పల్లవి నందుకొనును. అంతవరకు విన్నవాడు ఆ క్షణమున పలికినవాడగును. పౌలు అదే అధ్యాయమున హృదయముతోపాటు నోటికిని పని కల్పించినాడు. ఆ నోటిపనికి తెలుగున దొరికిన తావు పల్లవియే యని మా యభిప్రాయము. మొదటి చరణానంతరము పాడిన పల్లవికిని, కడపటి చరణానంతరము పాడిన పల్లవికిని అక్షరభేదము లేదు. పాడువాడు మాత్రము నడుమ మరికొంత విని యున్నాడు.

కావున ఈ కీర్తనలను పరిష్కరించువారు ప్రతి చరణాంతమునను పల్లవిని పూర్తిగా అచ్చువేయుట మేలు. స్థలము కలిసివచ్చునని మొదటిమాటతో సరిపెట్టినచో, కీర్తనలో శ్రోతపాలు లోపించును.