ఆరు సిలిండర్లు, ఒక కూత

తాండూరులో పాలిషింగ్ యూనిట్ ముందు లోడు లారీ వచ్చి ఆగుతుంది. క్లీనర్ దూకి చక్రాలకు రాళ్లు పెడతాడు. డ్రైవరు తలుపు తీస్తాడు గాని ఇంజన్ ఆపడు. అది స్లోలో కొట్టుకుంటూనే ఉంటుంది. డీజిల్ ధర తెలిసిన వాళ్లకు దండగ అనిపిస్తుంది. చాయ్ చెప్పి రెండు మూడు నిమిషాలు నిలబడ్డాక అప్పుడు ఆపుతాడు. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: "టర్బో సల్లవడాలె."

ఈ మాట ఏ పుస్తకంలోనో చదివి చెప్పింది కాదు. మేస్త్రీ నోటి నుంచి డ్రైవరుకు, డ్రైవరు నుంచి క్లీనరుకు దిగింది. నాపరాయి, సిమెంటు, 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కంది, వీటన్నిటినీ మోసి బతికే ఊరు తాండూరు. ఇక్కడ రోడ్డు పక్క షెడ్లలో నడిచే విద్యకు బోర్డు ఉండదు, సర్టిఫికెట్ ఉండదు. కాని ఆ విద్యకు ఒక పద్ధతి ఉంది. ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్ దానికి మంచి పరీక్ష.

మూడు రోకళ్ల దంపుడు

లారీకి ఆరు సిలిండర్లు ఎందుకు? ఒకే రోట్లో ముగ్గురు ఆడవాళ్లు వరస తప్పకుండా దంపడం చూసిన వాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఒకే వరసలో నిలబెట్టిన ఆరు పిస్టన్లు నిజానికి మూడు జతలు. ఒకటీ ఆరూ, రెండూ అయిదూ, మూడూ నాలుగూ కలిసి పైకెక్కి కలిసి దిగుతాయి. క్రాంక్ షాఫ్ట్ 120 డిగ్రీలు తిరిగిన ప్రతిసారీ ఒక సిలిండర్ మండుతుంది. మండే వరస 1-5-3-6-2-4. ఒక జత తోపును మిగతా జతలు సరిచేస్తాయి కాబట్టి పెద్ద అదురు ఉండదు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు ఈ సుఖం లేదు.

మన రోడ్ల మీద ఈ వంశం పాతదే. 1954లో టాటాల టెల్కో కంపెనీ జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని లారీలు కట్టింది. ఆ ఒప్పందం పదిహేనేళ్లు నడిచింది. తర్వాత వచ్చిన టాటా 697 ఆ ఇంటి బిడ్డే. పేరులోనే లెక్క ఉంది: 6 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. స్ట్రోక్ 128, సామర్థ్యం 5,675 సీసీ. అశోక్ లేలాండ్ జపాన్ హినో వారి నుంచి తెచ్చుకున్న ఆరు సిలిండర్ల ఇంజన్ 5,759 సీసీ. 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ జంషెడ్‌పూర్‌లో బీ-సిరీస్ ఇంజన్లు కట్టడం మొదలుపెట్టాక 5.9 లీటర్ల టర్బో ఇంటింటి పేరయింది. బోరు 102, స్ట్రోక్ 120 మిల్లీమీటర్లు, బరువు నాలుగు క్వింటాళ్ల పైనే. అమెరికాలో 1989 నుంచి డాడ్జ్ పికప్ బండ్లలో వచ్చింది కూడా ఈ కుటుంబం ఇంజనే.

బండి మీది అంకెలు చదవడం కూడా మేస్త్రీ చదువులో భాగమే. 2515 అంటే మొత్తం బరువు 25 టన్నులు, శక్తి దాదాపు 150 గుర్రాలు. 2018లో కేంద్రం ఇరుసు బరువుల పరిమితి పెంచినప్పుడు పది చక్రాల లారీ 25 నుంచి 28.5 టన్నులకు ఎక్కింది. రోడ్డు మీద ఉన్న పాత ఇంజన్లు మాత్రం అవే.

ఆరుకు ఒక లోపం ఉంది. షాఫ్ట్ పొడుగు. మండిన ప్రతిసారీ అది పిసరంత మెలి తిరుగుతుంది. ఆ మెలిని తినడానికే ముందు భాగంలో రబ్బరు పొర ఉన్న డాంపర్ బిగిస్తారు. రబ్బరు చీలితే మొదట బెల్టు వంకర నడుస్తుంది, పట్టించుకోకపోతే షాఫ్టే విరుగుతుంది. కుర్రకారు ఫోన్లలో చూసి మురిసిపోయే టయోటా 2జేజడ్-జీటీఈ కారు ఇంజన్ కూడా ఇదే పొందిక: ఆరు సిలిండర్లు, 86 బోరు, 86 స్ట్రోక్, 2,997 సీసీ, రెండు టర్బోలు. దానికీ ముసలితనంలో ఆ డాంపరే విడిపోతుంది.

నిప్పే ఊదుకునే తిత్తి

కొలిమిలో బొగ్గు రాజుకోవాలంటే ఎవరో ఒకరు తిత్తి ఊదాలి. ఆ నిప్పు వేడే తిత్తిని ఊదితే? 1905లో స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి పేటెంటు పొందిన ఆలోచన దాదాపు అదే. సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు అవతలి చివర ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి, సిలిండర్లలోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ డీజిల్ మండించవచ్చు. నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టి చల్లారుస్తారు.

ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగలదు. ఒకవైపు ఏడు వందల డిగ్రీల పొగ, మరోవైపు బయటి గాలి, నడుమ దాన్ని మోసేది ఆయిల్ పొర. వికారాబాద్ దగ్గర అనంతగిరి ఎక్కి వచ్చిన బండిని ఆగీ ఆగగానే ఆపేస్తే ఆయిల్ పంపు ఆగుతుంది, టర్బో వేడి ఆగదు. బేరింగులో నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గుగా అంటుకుంటుంది. పదే పదే అలా చేస్తే ఆయిల్ దారి సన్నబడుతుంది. డ్రైవరు చాయ్ తాగే మూడు నిమిషాలు ఆ బేరింగుకు ఆయుష్షు.

టర్బో మీద పడే నిందలు

పికప్ పోయింది, నల్లపొగ కొడుతోంది, ఆయిల్ తింటోంది. ఈ మూడింటిలో ఏది వచ్చినా ముందు నింద టర్బో మీదే. కొత్తది బిగిస్తారు. నెల తిరక్కుండా అదే ఆయిల్, అదే పొగ. అనుభవమున్న మేస్త్రీ టర్బో నట్టు మీద పానా పెట్టేముందు మూడు దారులు వెతుకుతాడు: గాలి వచ్చే దారి, ఆయిల్ పోయే దారి, వేడి వెళ్లే దారి.

గాలి దారిలో మొదటి శత్రువు దుమ్ము. గనుల దగ్గర రాతి పిండి మెత్తగానే ఉంటుంది, కాని ఎయిర్ ఫిల్టరును పూడ్చేస్తుంది. ఊపిరాడని టర్బో లోపలి నుంచి ఆయిల్‌ను పీల్చడం మొదలుపెడుతుంది. ఫిల్టరు చిరిగిందంటే ఇంకా ప్రమాదం. దుమ్ములో కలిసిన ఇసుక రేణువులు కంప్రెసర్ రెక్కల అంచులు కొరికి, సిలిండర్ గోడలు గీస్తాయి. టైరుకేసి కొట్టి ఫిల్టరు దులపడం చాలాచోట్ల అలవాటు. అది మడతలను చింపుతుంది. లోపలి నుంచి బయటికి తక్కువ ప్రెషరుతో గాలి కొట్టి, లోపల బల్బు పెట్టి వెలుతురు చుక్కలు కనబడతాయేమో చూడాలి. ఇంటర్‌కూలర్ పైపుల మీద సబ్బునీళ్లు పోస్తే సడలిన క్లిప్పు బుడగలతో దొరుకుతుంది. పదుల రూపాయల క్లిప్పు వల్ల వేల రూపాయల టర్బో మారిన బండ్లు తక్కువేం కాదు.

ఆయిల్ దారిలో మోసపోవడం ఇంకా తేలిక. టర్బోలోంచి ఆయిల్ ఏ పంపూ లేకుండా తన బరువుతో ఇంజన్ అడుగున ఉన్న ఆయిల్ ఛాంబర్‌లోకి జారుతుంది. పిస్టన్ రింగులు అరిగిన ఇంజన్‌లో పొగ కిందికి దిగి ఛాంబర్‌లో ఒత్తిడి పెంచుతుంది. దాంతో పైనుంచి రావలసిన ఆయిల్ దిగలేక టర్బో సీళ్లు దాటి బయటపడుతుంది. రోగం రింగులది, రక్తం టర్బోది. అందుకే ఆయిల్ మూత విప్పి అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తారు. చెయ్యిని తోసేంత గాలి కొడితే టర్బో జోలికి పోవద్దు, బోరింగ్ పని చూసుకోవాలి. కమిన్స్ బీ-సిరీస్‌లో విడి లైనర్లు ఉండవు. బ్లాకునే 0.5, ఆపై 1 మిల్లీమీటరు పెద్ద సైజుకు బోరు చేసి పెద్ద పిస్టన్లు వేస్తారు. అదీ అయిపోతే స్లీవులే గతి.

వేడి దారిలో తాండూరుదే ఒక సొంత కథ. సున్నపురాతి నేలలో తీసిన బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి. రేడియేటర్‌లో అవే పోస్తే వేడికి సున్నం విడిపోయి గొట్టాల్లో, హెడ్డు చుట్టూ తెల్లటి పెచ్చుగా కడుతుంది. వెనక ట్రాలీలో మోస్తున్న రాయీ, ముందు ఇంజన్‌లో పేరుకున్న పెచ్చూ ఒకే పదార్థం, కాల్షియం కార్బొనేటు. ఆరు సిలిండర్ల మీద పరిచిన పొడుగాటి హెడ్డు హీటెక్కితే వంగుతుంది, గ్యాస్కెట్ కొడుతుంది, తెల్లపొగ మొదలవుతుంది. హెడ్డు దింపి కొత్త గ్యాస్కెట్ వేసే మేస్త్రీ ఉక్కు స్కేలు పెట్టి వంపు చూడకపోతే ఆ పని మళ్లీ చేయాల్సి వస్తుంది. శుద్ధి చేసిన నీళ్లలో కూలెంట్ కలిపి పోసే డ్రైవరు ఆ ఖర్చును ముందే తప్పించుకుంటాడు.

చెవి, చెయ్యి, స్కానరు

పాత ఇన్‌లైన్ పంపు ఇంజన్‌లో చచ్చిన సిలిండర్‌ను పట్టే ఉపాయం చూడముచ్చటగా ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటే సడలిస్తారు. శబ్దం మారితే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. మారకపోతే దొంగ దొరికినట్టు. రాకరుకూ వాల్వుకూ మధ్య ఫీలర్ గేజ్ పెట్టి, పాత కమిన్స్ బీ-సిరీస్ అయితే చల్లటి ఇంజన్ మీద గాలి వాల్వుకు 0.25, పొగ వాల్వుకు 0.51 మిల్లీమీటర్లు సరిచేస్తారు. టర్బో ఇరుసును వేళ్లతో అటూ ఇటూ కదిపి చూస్తారు. పక్కకు కాస్త ఊగడం సహజం, ఆయిల్ నిండితే అది సర్దుకుంటుంది. ముందుకూ వెనక్కూ ఆడిందా, రెక్క గోడకు తగిలిందా, అయిపోయినట్టే.

ఈ విద్యకు హద్దులున్నాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 లారీల కామన్ రైల్ పైపుల్లో వెయ్యి బార్లు దాటిన ఒత్తిడి ఉంటుంది. అక్కడ నట్టు సడలిస్తే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పాత ఉపాయం అక్కడ ప్రాణం తీస్తుంది. విప్పిన టర్బోకు కొత్త కిట్టు వేసి బ్యాలెన్సింగ్ చేయించకుండా బిగించడం కూడా అలాంటి తప్పే. లక్ష చుట్ల మీద చిన్న బరువు తేడా చాలు, బేరింగు తినేస్తుంది. టార్క్ రెంచ్ లేకుండా చేతి అంచనాతో హెడ్డు బిగించే అలవాటును సమర్థించలేం.

కొత్త బండికి స్కానరు పెడితే బూస్టు, అంటే టర్బో తోసే గాలి ఒత్తిడి, తక్కువ అని కోడు చెబుతుంది. క్లిప్పు ఊడిందా, ఫిల్టరు పూడిందా, పొగ గొట్టం గ్యాస్కెట్ దగ్గర లీకుందా అన్నది చెప్పదు. అక్కడి నుంచి మళ్లీ సబ్బునీళ్లు, బల్బు, అరచెయ్యి. సామాను మార్చడం ఎవరైనా చేస్తారు. అది ఎందుకు పోయిందో తేల్చాకే కొత్తది బిగించడం ఈ షెడ్ల విద్యలో నిలబెట్టుకోవలసిన భాగం.

చాయ్ అయిపోయింది. డ్రైవరు వచ్చి ఇంజన్ ఆపాడు. ఆరు రోకళ్లూ నిలిచాయి. ఆ చప్పుడు పోయాక, బానెట్ దగ్గర చెవి పెడితే, టర్బో సన్నటి కూత ఒకటి ఇంకా వినిపిస్తుంది. అది నెమ్మదిగా సన్నగిల్లి ఆగిపోతే ఇరుసు బాగుందన్నమాట. గరగరమని టక్కున ఆగితే రేపు లోడు ఎత్తకముందే షెడ్డుకు పోవాలి.