పసుపు కల్లం మీది అవ్వ

నిజామాబాద్ జిల్లా ఆర్మూరు పక్క ఊళ్లలో పసుపు ఉడికిందో లేదో చూడాలంటే అవ్వను పిలుస్తారు. కడాయి మీద నురగ పొంగి, ఆవిరి వాసన మారగానే ఒక కొమ్ము తీసి పుల్లతో గుచ్చుతుంది. పుల్ల మెత్తగా దిగితే మంట తీసేయమంటుంది. ఎక్కువ ఉడికితే రంగు పోతుంది, తక్కువైతే ఎండాక పెళుసుబారుతుంది. ఇప్పుడు ఆవిరి యంత్రాలొచ్చాయి. అయినా ఆమె ముక్కు మీదే నాకు నమ్మకం ఎక్కువ.

కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఇదే పని. జూన్‌లో విత్తనం పెట్టడం, మధ్యలో మక్కలు, కలుపు, చెట్టుకొమ్మకు కట్టిన చీర ఊయలలో పసిబిడ్డ. తీరిక అనుకున్న మధ్యాహ్నం ఒళ్లో బీడీల చాట! జనవరి వచ్చాక తవ్వకం, కాడి (కొమ్ము) వేరు, గోళ (తల్లి దుంప) వేరు చేయడం, ఉడికించాక రెండు వారాల ఎండ.

2019 లోక్‌సభ ఎన్నికల్లో ఈ పంటకు మద్దతు ధర కోసం, పసుపు బోర్డు కోసం రైతులు నామినేషన్లు వేస్తే నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. 2025 జనవరిలో బోర్డు వచ్చింది, కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌లోనే. ఆ వార్తల ఫొటోల్లో నాకు కనిపించింది ఎక్కువగా మగవాళ్లే.

అవ్వ అసలు నేర్పు విత్తనం దాచడంలో ఉంది. తెగులు లేని గట్టి దుంపలు ఏరి, చెట్టునీడన కుప్పపోసి, పసుపాకు కప్పుతుంది. మార్కెట్ యార్డులో ధర ఎంత పలికినా ఆ కుప్ప జోలికి కొడుకునైనా రానివ్వదు.