ముదరనివ్వండి

సొరపువ్వుది నైట్ షిఫ్టు. పొద్దు గుంకేవేళ తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాడు ఎండెక్కేసరికి వాడిపోతుంది. ఊళ్లో అయితే రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు పుప్పొడి మోస్తాయి. తెల్లవార్లూ ఆఫీసు దీపాలు వెలిగే హైటెక్ సిటీలో, అపార్ట్‌మెంటు డాబా మీదికి అవి వస్తాయని నమ్ముకుని కూర్చోలేం. అందుకే డ్యూటీ నుంచి వచ్చి నేరుగా పైకెక్కుతాను. మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, అడుగున నూగు పిందె ఉన్న ఆడపువ్వుకు అద్దుతాను. పిందె నిలిస్తే పండు ఈగ కుట్టకుండా పల్చటి గుడ్డసంచి తొడగాలి.

కూరసొరకైనా ఇంతే. ఆ తర్వాతే మా వాచ్‌మన్ భార్యకు నా వ్యవహారం నచ్చదు. "ముదురుతున్నది గద సార్, కోస్తలేరేంది?" అంటుంది. నాక్కావలసింది పప్పులోకి లేతకాయ కాదు, ఎండిన బుర్ర.

మృగశిర కార్తెలో గింజ పెడితే సంక్రాంతి దాకా ఓపిక పట్టాలి. తొడిమ ఎండాకే కోసి, గాలి ఆడే నీడలో పెట్టాలి. పైన బూజు పడుతుంది, చాలామంది కుళ్లిందని పారేసేది అప్పుడే. నొక్కితే మెత్తగా దిగబడితేనే కుళ్లు. గట్టిగా ఉంటే వదిలేయండి. లోపల గింజలు గలగలమన్నాక నానబెట్టి పైపొర గీకాలి. ముక్కుకు గుడ్డ మాత్రం కట్టుకోండి, ఆ దుమ్ము పాడుది.

ఒకప్పుడు పొలానికి నీళ్లు మోసింది ఈ బుర్రే. పిల్లల నడుముకు కట్టి బావిలోకి తోసి ఈత నేర్పిందీ దీంతోనే. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర పలికేదీ సొరబుర్రల్లోంచే. మిరజ్‌లో తంబూరాలు చేసేవాళ్లకు పండరిపురం వైపు రైతులు ఇందుకోసమే కాయలు పెంచుతారు. మన వీణకేమో మెడ కింద ఉండే రెండో బుర్ర ఫైబర్‌ది వచ్చేసింది. తేలిక, పగలదు, నిజమే. నాకైతే చూడబుద్ధి కాదు.

రైతుబజారులో బుర్రకాయ దొరకదు. గోరు గుచ్చి లేతదనం చూసుకునే చోట ముదురుకాయను ఎవరు తెస్తారు? ప్యాకెట్లలో అమ్మే హైబ్రిడ్ గింజలూ కూరకోసం చేసినవే. గుండ్రటి నాటురకం ఊళ్లో ఎవరినైనా అడిగి తెచ్చుకోవాలి.

నా దగ్గర కాసిని గింజలున్నాయి. కావలసినవాళ్లు మృగశిరకు ముందే అడగండి. పక్క డాబా మీద పొడుగుసొర పాకింది కనుక, గుండ్రటి కాయే కాస్తుందని మాత్రం మాటివ్వలేను.