రెండు కావాలి, రెండు వద్దు

రమోన్స్ అనే న్యూయార్క్ బృందం మొదటి ఆల్బం 1976 ఏప్రిల్‌లో వచ్చింది. ఆల్బం పేరు కూడా "రమోన్స్" అనే. 14 పాటలు, మొత్తం కలిపి 29 నిమిషాలు. మన సినిమాపాటలో పల్లవి అయి, వయొలిన్లు వచ్చి, మొదటి చరణం సగంలో ఉండగానే వీళ్ళ పాట ఒకటి అయిపోతుంది.

"ఇందులో సంగీతమేదీ?" అని మిత్రులెవరైనా అడిగితే తప్పు పట్టను. ఒక్కో పాటకి మూడు నాలుగు కార్డులు, దాదాపు ఒకటే వేగం, ముక్కుతో పాడే గొంతు. అయితే ఆ మొరటుతనం చేతకాక వచ్చింది కాదు. జానీ రమోన్ గిటార్ సంగతే తీసుకోండి. మామూలుగా గిటార్ వాయించేవాళ్ళు తీగలను కిందికీ పైకీ మీటుతారు, చెయ్యి అలవకుండా. జానీ కిందికి మాత్రమే మీటుతాడు. దంపుడులో రోకలి పైకి లేచేటప్పుడు చప్పుడుండదు, పోటు పడినప్పుడే ఉంటుంది కదా, అదే పద్ధతి, కాకపోతే సెకనుకి ఎన్ని పోట్లో లెక్కపెట్టలేం. ఆ వేగంతో పాటంతా అలా లాగాలంటే మణికట్టులో ఎంత సత్తువ ఉండాలో రోకలి పట్టినవాళ్ళకి తెలుస్తుంది.

రికార్డింగు వారం రోజుల్లో, 6,400 డాలర్లలో ముగించారు. బేస్ గిటార్ ఎడమ చెవికి, గిటార్ కుడి చెవికి, గొంతూ డ్రమ్సూ మధ్యలోకి సర్దారు. అది 1960లలో బీటిల్స్ రికార్డుల తీరు. ఒక ఇయర్‌ఫోన్ తీసి చూడండి, బృందంలో ఒకడు లేచి వెళ్ళిపోయినట్టుంటుంది. అట్టమీద ఇటుకగోడకి చేరబడ్డ నలుగురి నలుపు తెలుపు ఫోటో. అమెరికా జాబితాలో 111వ స్థానం దాటలేదీ ఆల్బం. ఆ దేశంలో గోల్డ్ రికార్డు అనిపించుకోవడానికి 2014 దాకా పట్టింది. అప్పటికి నలుగురిలో డ్రమ్మర్ టామీ ఒక్కడే మిగిలాడు. ఆ జూలైలో అతనూ పోయాడు.

నన్ను ఎక్కువగా పట్టేసింది పాటల పేర్లు. 14లో నాలుగు పేర్లు "నాకు కావాలి", "నాకొద్దు" అనే మాటలతో నడుస్తాయి. ఒకడికి ప్రియుడు కావాలనుంది, ఇంకొకడికి జిగురు వాసన పీల్చాలనుంది. ఒకడు నేలమాళిగలోకి దిగనంటాడు, మరొకడు నీతో తిరగనంటాడు. ఎందుకు వద్దో చెప్పరు. మన గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం మాకొద్దని పాట కట్టి జైలుకెళ్ళాడు. ఆ "వద్దు"కి ఒక శత్రువున్నాడు, వెనక ఒక జాతి ఉంది. రమోన్స్ "వద్దు" వెనక క్వీన్స్ పేటలో ఏమీ తోచని సాయంత్రాలు తప్ప ఏమీ లేవు. కారణం చెప్పనక్కర్లేని "వద్దు" అది. చిన్నపిల్లలకి తప్ప ఎవరికీ చెల్లనిది.

గల్ఫ్‌లో పనిచేసేవాడికి ఈ మాట చాలా ఖరీదు. ఇకామా, పిల్లల బడి, ఇంటికి పంపే డబ్బు, అన్నీ ఒక "సరే" మీద నిలబడి ఉంటాయి. గడువు ముందుకు జరిపితే సరే, సెలవు వెనక్కి నెడితే సరే. కంప్యూటర్ ముందు కూర్చునే నావంటివాళ్ళ సంగతే ఇదైతే, ఎండలో పనిచేసే కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. రియాద్ నుంచి దమ్మాం దాకా 400 కిలోమీటర్లు. దారిపొడవునా ఇసుక, ఒంటెల బోర్డులు. ఆ దూరానికి ఈ ఆల్బం ఏడెనిమిదిసార్లు పడుతుంది. కారు అద్దాలు ఎత్తి ఆ "వద్దు"తో గొంతు కలిపితే వినేవాడెవడూ ఉండడు.

దమ్మాంలోనే 1996లో "సౌండ్ ఆఫ్ రూబీ" అనే సౌదీ పంక్ బృందం పుట్టింది. ఈ దేశంలో సినిమాహాళ్ళు మళ్ళీ తెరిచింది 2018లో అని గుర్తుంచుకుంటే, ఆ కుర్రాళ్ళకి గిటార్ ఎంత అవసరమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆల్బంలో నాకు మింగుడుపడనిదీ ఉంది. నాజీల మాటలతో వేళాకోళం. గాయకుడు జోయీ యూదుడు, టామీ తల్లిదండ్రులు నాజీల మారణకాండ నుంచి బతికి బయటపడ్డవాళ్ళు, కాబట్టి అది వెక్కిరింపేనని సమర్థిస్తారు. కావచ్చు. చివరి పాట వచ్చేసరికి నేను మాత్రం మళ్ళీ మొదటికి తిప్పేస్తాను.

వినదలచుకున్నవారు "జూడీ ఈజ్ ఎ పంక్"తో మొదలుపెట్టండి. నచ్చకపోతే పోయేది నిమిషన్నరే.