తిరిగే ప్రొపెల్లర్‌ను గీయడమెలా?

బొమ్మలోని విమానం ఎగురుతోందా, దారం కట్టి వేలాడదీశారా అన్నది ముందుగా ప్రొపెల్లరే చెప్పేస్తుంది. దాని రెక్కల్ని స్పష్టంగా గీస్తే ఇంజను ఆగిపోయినట్టే. తిరిగే ఫ్యానుకు రెక్కలు కనబడవు కదా! పల్చటి రంగును గుండ్రంగా పులిమి, వెనకున్న మబ్బును అందులోంచి కొద్దిగా కనబడనిస్తే చాలు, విమానం కదులుతుంది.

మొదటి ప్రపంచయుద్ధం నాటి బైప్లేన్‌ది, అంటే రెండంతస్తుల రెక్కల విమానానిది, లోహపు ఒళ్లు కాదు. చెక్క చట్రం మీద నారబట్ట బిగించి, అది డప్పుతోలులా సాగి నిలిచేలా డోప్ అనే పూత పూసేవారు. కింది నుంచి చూస్తే ఎండ ఆ బట్టలోంచి దిగి, లోపలి చెక్క పక్కటెముకలు నీడల్లా తేలతాయి. ఇది పట్టుకోలేని చిత్రకారుడు రేకు డబ్బాను గీసినట్టే. రెండు రెక్కల మధ్య తీగలది ఇంకో తంటా. అన్నీ గీస్తే పిట్టగూడు, మానేస్తే రెక్కలు ఊడిపడతాయేమోనని భయం. వెలుగు తగిలిన తీగల్ని మాత్రమే గీయడం మేలు.

వీటన్నిటికన్నా కష్టం నేలను ఎక్కడ పెట్టాలన్నది. ఒడ్డున కూర్చుని పడవను గీసే అలవాటు ఇక్కడ పనికిరాదు. బ్రిటిష్ చిత్రకారుడు నెవిన్సన్ 1917లో చేసిన శిలాముద్రణ చిత్రం ‘బ్యాంకింగ్ ఎట్ 4000 ఫీట్’లో పొలాలే ఒరిగిపోతాయి. విమానం వాలిందని వేరే చెప్పనక్కర్లేదు. సిడ్నీ కార్లైన్‌ది మరో దారి. ఆయన స్వయంగా పైలట్, ఇటలీలో సాప్‌విత్ క్యామెల్ అనే యుద్ధవిమానం నడిపాడు. తుపాకుల మీది కప్పు మూపురంలా ఉబికి ఉండటంతో దానికి ఒంటె పేరు వచ్చింది. అక్కడి బ్రెంటా లోయలో ఆస్ట్రియా విమానం కూలడాన్ని కార్లైన్ 1918లో చిత్రించాడు. లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్న ఆ బొమ్మలో కొండలదే రాజ్యం. విమానాలు చిన్నవి. గెలుపోటములకన్నా లోయ లోతే ముందు కంటికి తగులుతుంది. వీరుడి ముఖం నిండా పరిచే పోస్టర్లకన్నా నాకు ఇదే నిజమనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం ఏ కుంచెకూ అందలేదు: వాసన. క్యామెల్ రోటరీ ఇంజనుకు కందెన మన ఆముదమే. కాలిన ఆముదం తుంపర పైలట్ మొహాన పడుతూనే ఉండేది.

ఈ కథలో మనవాడూ ఒకడున్నాడు. కలకత్తాలో పుట్టిన పైలట్ ఇంద్రలాల్ రాయ్ విమానం కూలి గాయపడ్డాడు. కోలుకుంటూ విమానాల బొమ్మలు గీశాడు. తిరిగి ఎగిరి, 1918 జులైలో రెండు వారాలు నిండకుండానే గగనపోరులో పది విజయాలు సాధించాడు. అదే నెల 22న నేలకూలాడు. అప్పటికి పందొమ్మిదేళ్లు. ఆ స్కెచ్‌లు కొన్ని ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియంలో ఉన్నాయి.