కండ సంగతి ఎవరూ చెప్పరు

మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పొద్దున్నే ఆడవాళ్ల చేత బరువులు ఎత్తిస్తుంటాను. కొత్తగా వచ్చేవాళ్లు దాదాపు అందరూ చెప్పేది ఇదే: "అక్కా, ముట్లు ఆగిన దగ్గర్నుంచి పొట్ట వచ్చేసింది. తిండేమీ పెరగలేదు, రోజూ వాకింగ్ చేస్తున్నా. అయినా షుగర్ బార్డర్‌లో ఉందన్నారు."

ఇందులో వాళ్ల తప్పేం లేదు. ఈస్ట్రోజెన్ తగ్గాక, అంతకుముందు తొడల్లో, పిరుదుల్లో చేరే కొవ్వు పొట్టలోకి, పేగుల చుట్టూ చేరుతుంది. ఇన్సులిన్ మాట ఒంట్లో మునుపటిలా చెల్లదు. చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. కండ తరిగిపోతుంది. నాకు అన్నిటికన్నా దిగులు ఈ కండ గురించే. తిన్నాక రక్తంలో చేరే చక్కెరలో పెద్ద వాటా కండరాలకే పోతుంది మరి. పైగా పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెరను లాక్కోగలదు.

వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకతో పాటు, 2 రోజులైనా కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇళ్లలోకి నడక ఒక్కటే చేరింది.

నా దగ్గర మొదటి పాఠం కుర్చీ. చేతులు ఛాతీ మీద కట్టుకుని, పాదాలు కాస్త వెనక్కి లాక్కుని, ముందుకు వంగి లేవాలి. కూర్చునేటప్పుడే చాలామంది ధబ్బున కూలబడతారు. మూడు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా దిగమంటాను. అప్పుడు తొడలు వణుకుతాయి. ఆ వణుకు కోసమే ఇదంతా. మోకాళ్లు నొప్పంటే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచుతాను. తేలికయ్యాక చేతికి నీళ్ల సీసా, ఆ తర్వాత డంబెల్.

"ఇంటి చాకిరీ చాలదా?" అంటారు. ఒళ్లు అలిసిపోవడం నిజమే. కానీ కండకు బలం రావాలంటే ఎత్తే బరువు పెరుగుతూ పోవాలి. ఇరవై ఏళ్లుగా మోస్తున్నది అదే బిందె.

ముట్లు అందరికీ వయసుతోనే ఆగవు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశ సగటు కంటే మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపిస్తున్నాయి. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ ఆ రోజే వచ్చినట్టు. ముప్పై అయిదేళ్లకే ఆపరేషనైన మనిషికి కండ కాపాడుకోమని చెప్పేవాళ్లుండరు, బరువులెత్తొద్దని మాత్రం చెప్పి పంపుతారు. ఆ జాగ్రత్త కొన్ని వారాలకే. వీళ్లు ఏళ్ల తరబడి పాటిస్తున్నారు. డాక్టరమ్మలూ, డిశ్చార్జి కాగితం మీద ఎప్పటి నుంచి, ఎంత బరువు ఎత్తవచ్చో కూడా ఒక లైను రాయండి.