గుల్ల పగలగొట్టి తీసే ఊదా

పత్తి వ్యాపారంతో పేరు తెచ్చుకున్న కాటన్‌పేట నుంచి రాస్తూ అట్లాంటిక్ చలినీటి నత్త ఊసెత్తడం వింతగా అనిపించవచ్చు. కానీ నూలున్నచోట అద్దకం మాట రాక మానదు. సహజ రంగులపై మళ్లీ మోజు పెరుగుతున్న ఈ రోజుల్లో, రంగు దేన్నుంచి వచ్చిందని అడిగి ఊరుకుంటే చాలదని నా వాదన. దాన్ని ఎలా తీశారు, తీశాక ఆ ప్రాణి ఏమైంది అని కూడా అడగాలి.

బ్రిటన్, ఐర్లండ్ తీరాల్లో బండలను పట్టుకుని బతికే, ఊదా రంగునిచ్చే డాగ్ వెల్క్ అనే ఆ నత్త గుల్ల సుమారు మూడు సెంటీమీటర్లు. అలలు విరుచుకుపడే చోట గుల్ల పల్చన, నోరు వెడల్పు. బండను గట్టిగా పట్టుకోవడానికి పెద్ద పాదం కావాలి మరి. పీతల బెడద ఉన్న ప్రశాంతమైన చోట గుల్ల మందం, నోరు ఇరుకు. బతుకంతా పోసి కట్టుకున్న ఆ గుల్లను పగలగొడితేనే రంగు దొరికేది. బ్రిస్టల్‌కు చెందిన విలియం కోల్ ఆ పద్ధతిని 1685లో రాయల్ సొసైటీ పత్రికలో వివరించాడు: ఒళ్లు నలగకుండా గుల్ల చిట్లగొట్టాలి, తల దగ్గర అడ్డంగా కనబడే తెల్లటి నరంలోని ద్రవాన్ని బట్టకు రాయాలి. ఎండలో అది లేతాకుపచ్చ, ముదురాకుపచ్చ, నీలం మీదుగా ఊదా ఎరుపుకు తిరుగుతుంది. వెల్లుల్లి, ఇంగువ కలిపినంత ఘాటు వాసన కూడా వస్తుందట.

చంపకుండానే తీయొచ్చు కదా అంటారు. మెక్సికోలో మిష్టెక్ అద్దకందారులు నిజంగానే అలా చేస్తారు: నత్తను కదిలించి, అది వదిలిన ద్రవాన్ని నూలుకు పట్టించి, మళ్లీ బండ మీద పెడతారు. ఆ ఓర్పుకు చేతులెత్తి మొక్కాలి. కానీ అది వేరే జాతి, ద్రవం ధారాళంగా వదులుతుంది. డాగ్ వెల్క్ పిల్లలైతే నీటిలో తేలుతూ దూరాలకు పోవు. బండకంటిన గుడ్ల తిత్తుల్లోంచి పాకుతూ బయటికొస్తాయి. ఒకప్పుడు పడవల అడుగుకు పూసిన ట్రైబ్యుటైల్ టిన్ వల్ల ఆడ నత్తలకు మగ అవయవాలు మొలిచి, గుడ్లు పెట్టలేక, కొన్నిచోట్ల జాతే తుడిచిపెట్టుకుపోయింది. చిన్న పడవలకు ఆ పూతను బ్రిటన్ 1987లో నిషేధించాక కూడా, పిల్లలు దూరం పోలేవు కాబట్టి, నత్తలు వెంటనే తిరిగి రాలేదు.

ఆ ఊదా వెలిసిపోదని ఇంకో మాట. నిజమే. అయితే అందులోని ముఖ్యమైన రంగు పదార్థం మన నీలిమందుకు రెండు బ్రోమిన్ పరమాణువులు తగిలించినదే. నీలి కాగు తెలిసిన చేతికి ఊదా కోసం నత్త అక్కర్లేదు: నీలి మీద చిరువేరు ఎరుపు అద్దితే వస్తుంది.